చక్రరక్షకులు లేని రథం

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన ఫుట్‌బాల్ కాదన్న సంగతి ఈపాటికి మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరులో పాదం ఉందే గాని ఆట చాలామటుకు చేతులతోనే సాగుతుంది. బంతి కూడా గుండ్రంగా ఉండదు. పీచు ఒలవని కొబ్బరికాయలాగా రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. తలకు శిరస్త్రాణాలు, భుజాలకు కవచాలు తొడుక్కున్న బలశాలులు ఇరవైరెండుమంది ఎదురెదురుగా వంగి నిలబడి, ఒక్కసారిగా ఢీకొని, నాలుగైదు సెకన్లలో కుప్పగా కూలి, మళ్ళీ లేచి దుమ్ము దులుపుకుంటారు. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి ఆరునెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్ళందరికీ ఆదివారం మధ్యాహ్నాలు ఈ దృశ్యం అనుభవమే. "ఇదేం ఆటరా నాయనా, కుమ్ములాట గాని" అంటూ మరో గదిలోకి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ.

కాస్త ఓపిక పట్టి చూస్తే మాత్రం ఈ కుమ్ములాటలో ఒక చక్కని లెక్క ఉన్నదని తెలుస్తుంది. ఒక మనిషి ప్రతిభ వెలిగేదీ ఆరిపోయేదీ అతని చుట్టూ నిలబడ్డ మరో అయిదుగురి కాపలాను బట్టి ఉంటుందన్నదే ఆ లెక్క. ఆ కాపలా చెడినప్పుడు ఆ మనిషికి ఏమవుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. మైదానం పొడవు 100 గజాలు. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళది. ముందుకు పోవడానికి రెండు దారులు: బంతి పట్టుకుని పరుగెత్తడం, లేదా దూరంగా పరుగెత్తే తనవాడికి అందేలా విసరడం. విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టు కంతటికీ అతనే బుర్ర, అతనే నోరు. జీతం కూడా సాధారణంగా అతనికే ఎక్కువ.

అతని ముందు వరసలో అయిదుగురు ఉంటారు. నడిమివాడు సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్ళకు అటూ ఇటూ టాకిళ్ళు. ఒక్కొక్కడూ 135, 140 కిలోల మనిషి. బంతి విసిరేటప్పుడు వీళ్ళకున్న పని ఒక్కటే, ఎదుటి జట్టువాళ్ళు తమ క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా అడ్డుకోవడం. మామూలుగా వీళ్ళకు బంతి అందుకునే హక్కు కూడా లేదు. ఎవరినైనా పట్టుకుని లాగి తప్పు చేసినప్పుడు మాత్రం రిఫరీ మైకులో వాళ్ళ చొక్కా నంబరు చదువుతాడు. స్టేడియమంతా వాళ్ళను గుర్తించేది అప్పుడే.

మన భారతం చదివినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. మహారథుల రథాలకు రెండు పక్కలా చక్రరక్షకులని ఉండేవారు. కురుక్షేత్రంలో అర్జునుడి రథచక్రాలను కాచినవాళ్ళు యుధామన్యుడు, ఉత్తమౌజుడు అనే పాంచాల వీరులు. అర్జునుడి పేరు తెలియని తెలుగువాడు లేడు. ఈ ఇద్దరి పేర్లూ చెప్పగలిగినవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారేమో! అభిమన్యుడి సంగతి అందుకు తారుమారు. పద్మవ్యూహంలోకి అతను చొచ్చుకుపోయాడు గాని వెనక రావలసినవాళ్ళను సైంధవుడు ఆపేశాడు. ఆ తరువాత అభిమన్యుడి విలువిద్య ఎంత గొప్పదన్న ప్రశ్నకు అర్థమే లేకుండా పోయింది.

బంతి చేతికందిన తరువాత క్వార్టర్‌బ్యాక్ నాలుగైదు అడుగులు వెనక్కి వేసి, అయిదుగురూ ఏర్పరచిన చిన్న గూడులాంటి చోట నిలబడతాడు. దాన్ని పాకెట్ అంటారు. అక్కడ అతనికి దొరికేది ఇంచుమించు రెండున్నర మూడు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో ఎదుటివాళ్ళ అమరిక చదవాలి, ముగ్గురు నలుగురు పరుగెత్తేవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో వరసగా చూసుకోవాలి, ఆ మనిషి ఉన్న చోటికి గాక ఒక క్షణం తరువాత ఉండబోయే చోటికి గురి చూసి విసరాలి. ఇదంతా ఎదురుగా వస్తున్నవాళ్ళను చూడకుండా చేయాలన్నదే ఇందులో కిటుకు. చూపు దూరంగా ఉండాలి. దగ్గరి ప్రమాదం సంగతి తనవాళ్ళు చూసుకుంటారని నమ్మాలి.

ఆ నమ్మకం వమ్మై, బంతి విసరకముందే అతణ్ణి నేలకూల్చితే దాన్ని శాక్ అంటారు. లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టులో ఆడిన డీకన్ జోన్స్ అనే మహాకాయుడు 1960లలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. శత్రువు నగరాన్ని కొల్లగొట్టడం అన్న అర్థంలో దాన్ని వాడాడట. ఎవరు ఎన్ని శాక్‌లు చేశారన్న లెక్కను నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అధికారికంగా 1982 నుంచి రాయడం మొదలుపెట్టింది. శాక్ జరగకుండా ఆపినవాడి పేరిట ఆ పట్టికలో ఒక గడి లేదు. కూలగొట్టినవాడికి లెక్క, నిలబెట్టినవాడికి లెక్క లేకపోవడం ఈ ఒక్క ఆటకే పరిమితమైన న్యాయం కాదులెండి.

ఇక అసలు కథకు వద్దాం. హ్యూస్టన్ నగరానికి ఆయిలర్స్ అని ఒక పాత జట్టు ఉండేది. 1996 సీజన్ తరువాత అది టెన్నెసీ రాష్ట్రానికి తరలిపోయింది. ఊరివాళ్ళు కొన్నేళ్ళు బెంగపడి, చివరకు టెక్సన్స్ అనే కొత్త జట్టును తెచ్చుకున్నారు. 2002లో ఆ జట్టు మొదటిసారి బరిలోకి దిగింది. కొత్త స్టేడియం, కొత్త చొక్కాలు. కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో మొట్టమొదటి అవకాశం వాళ్ళకే వచ్చింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడిన డేవిడ్ కార్ అనే కుర్రాణ్ణి ఎంచుకున్నారు. బలమైన చెయ్యి, చక్కని నడవడి, పెళ్ళయిన మనిషి. ఆ ఏడు దేశం మొత్తం మీద అందరికన్నా ముందుగా పిలుపు అందుకున్నవాడు.

అతణ్ణి కాచేందుకు కూడా టెక్సన్స్ ఒక ఏర్పాటు చేసుకున్నారు. కొత్త జట్టు గనక పాత జట్ల నుంచి కొందరిని తీసుకోనిచ్చారు. అందులో వాళ్ళు మొదటగా తీసుకున్న మనిషి టోనీ బొసెల్లి. జాక్సన్‌విల్‌లో ఆడిన ఎడమ టాకిల్, ఆ పనిలో ఆనాటి మేటి. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగి నిలబడినప్పుడు ఎడమవైపు అతనికి వీపు వైపవుతుంది. అక్కడ నుంచి వచ్చేవాడు అతనికి కనబడడు. అందుకే ఎడమ టాకిల్ చోటుకు అంత విలువ. అయితే బొసెల్లి భుజం అప్పటికే పాడై ఉంది. టెక్సన్స్ తరఫున ఒక్క ఆటైనా ఆడకుండానే 2003లో అతను ఆట నుంచి విరమించుకున్నాడు. (2022లో అతనికి ఆ ఆట కీర్తిమందిరంలో చోటు దక్కింది. అంతటివాడు!) కార్ వెనుక వైపు తలుపు మాత్రం తెరిచే ఉండిపోయింది.

2002 సెప్టెంబరు 8న తొలి ఆటలోనే టెక్సన్స్ తమ రాష్ట్రంలోని పెద్దన్న డల్లాస్ కౌబాయ్స్‌ను 19-10తో ఓడించారు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఆ పండగ ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ సీజన్‌లో 16 ఆటల్లో కార్‌ను 76 సార్లు నేలకూల్చారు. అంటే ఆటకు దాదాపు అయిదుసార్లు. అంతకు ముందు రికార్డు 1986లో ఫిలడెల్ఫియా ఆటగాడు రాండల్ కన్నింగ్‌హామ్ పేరిట ఉన్న 72. డిసెంబరులో పిట్స్‌బర్గ్ మీద ఆడిన ఆట చిత్రమైనది. ఆటంతా కలిపి టెక్సన్స్ బంతిని ముందుకు తీసుకుపోయింది 47 గజాలు మాత్రమే. అయినా 24-6తో నెగ్గారు, ఎదుటివాళ్ళ చేతుల్లోంచి బంతి లాక్కుని వాళ్ళ డిఫెన్సే పాయింట్లు తెచ్చిపెట్టింది గనక. డేవిడ్ కార్ ఆ ఏడు ఒక్క ఆటకైనా గైరుహాజరు కాలేదు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ నిలబడ్డాడు.

మర్నాటి ఏడు కాస్త తెరిపి ఇచ్చింది. 2004లో 49 సార్లు, 2005లో 68 సార్లు మళ్ళీ కూలగొట్టారు. ఆ 2005లో జట్టు 16 ఆటల్లో 14 ఓడిపోయింది. మొదటి కోచ్ డామ్ కేపర్స్ ఉద్యోగం పోయి, గేరీ క్యూబియాక్ వచ్చాడు. ఇక్కడొక విచిత్రం చెప్పాలి. అంత ఘోరంగా ఓడినందుకు 2006 డ్రాఫ్టులో మళ్ళీ మొదటి అవకాశం టెక్సన్స్‌కే వచ్చింది. నాలుగేళ్ళుగా తమ క్వార్టర్‌బ్యాక్ నేల కరుస్తున్నాడు గదా, ఈసారి తప్పకుండా కాపలావాణ్ణి తెచ్చుకుంటారని ఎవరైనా అనుకుంటారు. వాళ్ళు తెచ్చుకున్నది మారియో విలియమ్స్ అనే డిఫెన్సివ్ ఎండ్‌ను, అంటే అవతలి క్వార్టర్‌బ్యాక్‌ను కూల్చేవాణ్ణి! ఆ ఏడు పేరున్న టాకిల్ డిబ్రికాషా ఫెర్గూసన్‌ను న్యూయార్క్ జెట్స్ నాలుగో అవకాశంలో తీసుకుపోయారు. మారియో మంచి ఆటగాడే, అందులో సందేహం లేదు. ఇల్లు కారుతుంటే పక్కింటి కప్పు పీకడానికి మనిషిని పెట్టుకున్నట్లు మాత్రం ఉంది.

అయిదేళ్ళలో మొత్తం 249 శాక్‌లు. 2007లో టెక్సన్స్ మరో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుని కార్‌ను వదిలేశారు. ఆ తరువాత కేరొలైనా, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో జట్లలో రెండో మనిషిగా, మూడో మనిషిగా తిరిగాడు. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ జెయింట్స్ సూపర్ బౌల్ నెగ్గినప్పుడు వాళ్ళ జట్టులో ఉన్నాడు గనక అతనికీ విజేత ఉంగరం వచ్చింది. ఆడి తెచ్చుకున్నది మాత్రం కాదు.

ఇన్నిసార్లు పడితే దెబ్బలు తగులుతాయి, అది సరే. మంచి చోట మళ్ళీ అవకాశం వచ్చినా అతను ఎందుకు తేరుకోలేదన్నది ఆలోచించవలసిన విషయం. ఈ ఆటను ఎరిగినవాళ్ళు చెప్పే సమాధానం ఒక్కటే: మొదట చెడేది ఒళ్ళు కాదు, కళ్ళు. దూరంగా ఉండవలసిన చూపు దగ్గరికి దిగుతుంది. తనవాడు ఖాళీగా ఉన్నాడా అని చూడవలసినవాడు, ఎవడు మీదికి వస్తున్నాడా అని చూడడం మొదలుపెడతాడు. కళ్ళ తరువాత కాళ్ళు. స్థిరంగా నిలబడి, ముందుకాలు మీద బరువు వేసి విసరవలసింది పోయి, వెనక్కి వాలి విసురుతాడు. బంతి పైకి లేచిపోతుంది, లేదా ఎదుటివాడి చేతిలో పడుతుంది. కార్ తొలి సీజన్‌లో పాయింట్లు తెచ్చిన విసుర్లు 9 అయితే, ఎదుటివాళ్ళు పట్టుకున్నవి 15.

పాముకాటు తిన్నవాడు తాడును చూసినా జడుస్తాడంటారు గదా! క్రికెట్ ఎరిగిన మన పిల్లలకు ఇంకా సులువుగా చెప్పవచ్చు. నాలుగు ఓవర్లు వరసగా పక్కటెముకల మీద దెబ్బలు తిన్న బ్యాట్స్‌మన్ అయిదో ఓవర్లో మామూలు బంతికి కూడా లెగ్ వైపు జరుగుతాడు. బౌలర్ మారినా ఆ అడుగు పక్కకే పడుతుంది. వెస్టిండీస్ వేగాన్ని హెల్మెట్ లేకుండా ఎదుర్కొన్న సునీల్ గవాస్కర్ గొప్పతనం పరుగుల పట్టికలో కన్నా ఆ అడుగు పక్కకు పడకపోవడంలో ఉందని నా అభిప్రాయం. అయితే గవాస్కర్‌కు తన రక్షణ తన చేతిలోని బ్యాటే. క్వార్టర్‌బ్యాక్ పరిస్థితి వేరు. అతని రక్షణ మరొకరి భుజాల మీద ఉంది, వాళ్ళు సరిగా నిలబడ్డారో లేదో వెనక్కి తిరిగి చూసే వ్యవధి లేదు.

ఈ భయానికి ఒక పేరు కూడా దొరికింది. 2019 అక్టోబరు 21న న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్, న్యూ ఇంగ్లండ్ జట్టు మీద ఆడుతూ మధ్యలో బెంచీ మీద కూర్చుని, తనకు దయ్యాలు కనిపిస్తున్నాయని పక్కవాళ్ళతో అన్నాడు. ఒంటికి మైకు తగిలించి ఉంది గనక ఆ మాట దేశమంతా విన్నది. ఆ రాత్రి జెట్స్ 33-0తో ఓడిపోయారు, డార్నల్డ్ విసిరినవి నాలుగు ఎదుటివాళ్ళ పాలయ్యాయి. కొన్నాళ్ళు ఊరంతా అతణ్ణి ఎగతాళి చేసింది. వయసు 22. అతను చెప్పింది అక్షరాలా నిజం. లేని మనిషి వస్తున్నట్లు తోచడమే ఈ రోగ లక్షణం. డార్నల్డ్ అదృష్టవంతుడు, ఊళ్ళు మారి మారి, 2024లో మిన్నెసోటా జట్టుకు 14 విజయాలు తెచ్చిపెట్టాడు. దయ్యం వదలడానికి అయిదేళ్ళు పట్టింది.

భయం సోకితే కోచ్‌కు కూడా చేతులు కట్టుబడిపోతాయి. అయిదుగురు చాలడం లేదని పరుగెత్తవలసిన ఒకరిద్దరిని కాపలాకు నిలుపుతాడు. అప్పుడు బంతి అందుకునేవాళ్ళు తగ్గుతారు. ఎదుటివాళ్ళకు పని తేలికవుతుంది. దూరపు విసుర్లు మానేసి పొట్టి విసుర్లు వేయిస్తాడు. ఒక్క శాక్‌తో ఏడెనిమిది గజాలు వెనక్కి పోతే, మిగిలిన ప్రయత్నాల్లో పదిహేనో పదిహేడో గజాలు కావలసి వస్తుంది. అంత దూరం విసరాలంటే ఎక్కువసేపు నిలబడాలి, ఎక్కువసేపు నిలబడితే మళ్ళీ శాక్. అప్పు తీర్చడానికి అప్పు చేసే సంసారంలాంటిదన్నమాట.

ఒంటి దెబ్బల సంగతి చెప్పకుండా వదలడం కూడా న్యాయం కాదు. 1985 నవంబరు 18 రాత్రి వాషింగ్టన్‌లో జో థీస్‌మన్ కాలు విరిగిన దృశ్యం అమెరికాలో ఒక తరం మరచిపోలేదు. అతనికి అప్పుడు 36 ఏళ్ళు. సూపర్ బౌల్ నెగ్గినవాడు. మామూలుగా అతని ఎడమ వైపు కాచే జో జాకొబీ ఆ రోజు గాయంవల్ల ఆడలేదు. న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్ వెనక నుంచి వచ్చి పడ్డాడు. కుడి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగి, ఒకటి చర్మం చీల్చుకుని వచ్చింది. పడగొట్టిన టేలరే లేచి తల పట్టుకుని డాక్టర్ల కోసం చేతులు ఊపాడు. థీస్‌మన్ మళ్ళీ ఆడలేదు. మైకేల్ లూయిస్ 2006లో రాసిన 'ది బ్లైండ్ సైడ్' పుస్తకం ఈ ఘట్టంతోనే మొదలవుతుంది. ఎడమ టాకిళ్ళ జీతాలు క్వార్టర్‌బ్యాక్‌ల జీతాల తరువాత చెప్పుకునేంతగా ఎందుకు పెరిగాయో ఆయన అందులో వివరించాడు.

సరిగ్గా 33 ఏళ్ళకు, 2018 నవంబరు 18న, అదే వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్‌కు అదే కాలు, అవే రెండు ఎముకలు విరిగాయి. ఈసారి ఎదుటి జట్టు హ్యూస్టన్. ఆ రోజు కూడా వాషింగ్టన్ లైన్ గాయాలతో చితికి ఉంది. రెండు ఆటల్లోనూ స్కోరు 23-21! థీస్‌మన్ ఆ రోజు స్టేడియంలోనే ఉండి చూశాడు. స్మిత్ కాలికి చీము పట్టి, కాలు తీసేయవలసి వస్తుందేమోనన్నంత వరకు వచ్చింది. 17 ఆపరేషన్లు జరిగాయి. 2020 అక్టోబరు 11న అతను మళ్ళీ మైదానంలోకి వచ్చినప్పుడు మొదటిసారి మీద పడ్డవాణ్ణి చూసి ఇంట్లోవాళ్ళ గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఊహించుకోవచ్చు.

ఇండియానాపొలిస్ జట్టు ఆటగాడు ఆండ్రూ లక్ కథ వీటన్నిటికన్నా నాకు మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. 2012 డ్రాఫ్టులో మొదటివాడు. స్టాన్‌ఫర్డ్‌లో చదివిన బుద్ధిమంతుడు. తనను నేలకూల్చినవాణ్ణి "బాగా కొట్టావోయ్" అని మెచ్చుకునే అలవాటు అతనికి ఉండేది. కూల్చినవాళ్ళకు అది తికమకగా ఉండేదట. ఆ మెచ్చుకోళ్ళకు అవకాశాలు కొల్లలుగా దొరికాయి. పక్కటెముకల దగ్గర మృదులాస్థి చినిగింది. 2015లో మూత్రపిండం చీలింది. భుజానికి ఆపరేషన్ జరిగి 2017 సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. అప్పుడు గాని యాజమాన్యానికి మెలకువ రాలేదు. 2018 డ్రాఫ్టులో ఆరో అవకాశాన్ని క్వెంటన్ నెల్సన్ అనే గార్డు మీద పెట్టారు. గార్డు కోసం అంత పై అవకాశం ఖర్చు చేయడం అరుదు. ఫలితం వెంటనే కనబడింది. 2016లో 41 సార్లు కూలిన లక్, 2018లో కూలింది 18 సార్లే. తేరుకున్న ఆటగాడికిచ్చే బహుమానం ఆ ఏడు అతనిదే.

ఇక అంతా బాగుందనుకుంటుండగా 2019 ఆగస్టు 24 రాత్రి, పిక్క దెబ్బతో నడవడం కష్టమవుతున్న రోజుల్లో, 29వ ఏట, ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. గాయం, నొప్పి, చికిత్స, మళ్ళీ గాయం, ఈ చక్రంలో తిరిగి తిరిగి ఆట మీద ప్రేమ పోయిందన్నాడు. వార్త ముందే పొక్కడంతో మైదానం దాటి వెళుతున్న అతణ్ణి సొంత ఊరి జనమే కేకలు వేసి అవమానించారు. కాపలాదారులు వచ్చారు గాని, అప్పటికే మనిషి లోపల ఖాళీ అయిపోయాడు. ఏడేళ్ళ వ్యవధిలో చేయవలసిన పనిని చివరి ఏడు చేస్తే సరిపోదని ఆ జట్టువాళ్ళకు అప్పుడు తెలిసింది.

అయితే తప్పంతా లైన్‌దేనా అంటే, కాదనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాదనలో పస లేకపోలేదు. మయామీ ఆటగాడు డాన్ మరీనో 1988లో 600 పైచిలుకు విసుర్లు విసిరి, కూలింది 6 సార్లు మాత్రమే. అతని లైన్ మంచిదే, కాని అంతకు మించి అతని చెయ్యి మెరుపు. కాపలా విరగకముందే బంతి వెళ్ళిపోయేది. మరీ ఎక్కువసేపు బంతి పట్టుకుని, ఇంకా మంచి అవకాశం వస్తుందేమోనని చూసే క్వార్టర్‌బ్యాక్ ఎంత మంచి లైన్ వెనుకనైనా కూలుతాడు. డేవిడ్ కార్ మీద కూడా ఈ నింద ఉంది. నిజమే కావచ్చు. కాని ఒక సందేహం: ఆ పట్టుకునే అలవాటు పుట్టుకతో వచ్చిందా, లేక ఎటు చూసినా గోడ కూలుతున్న ఇంట్లో కాపురం చేయడం వల్ల వచ్చిందా? మొదటి ఏడు 76 సార్లు పడినవాడికి రెండో ఏడు సరైన సమయజ్ఞానం ఉండాలనడం, ఈత నేర్పకుండా నూతిలో తోసి ఈదే తీరు బాగాలేదనడం లాంటిది.

ఎంత గొప్పవాడైనా ఈ సూత్రానికి మినహాయింపు లేదనడానికి పాట్రిక్ మహోమ్స్ చాలు. ఈ కాలపు క్వార్టర్‌బ్యాక్‌లలో అతణ్ణి మించినవాడు లేడనే చాలామంది అంటారు. 2021 ఫిబ్రవరి 7న టాంపా మీద సూపర్ బౌల్ ఆడినప్పుడు అతని రెండు వైపుల టాకిళ్ళూ గాయాలతో లేరు. ఆటంతా ప్రాణభయంతో పరుగెత్తి 31-9తో ఓడాడు. 2025 ఫిబ్రవరి 9న ఫిలడెల్ఫియా అతణ్ణి ఆరుసార్లు కూల్చి 40-22తో నెగ్గింది.

సిన్సినాటి జట్టు జో బరో సంగతి కూడా తెలిసిందే. 2020 డ్రాఫ్టులో మొదటివాడు. తొలి సీజన్ సగంలోనే మోకాలు చీలింది. తరువాతి డ్రాఫ్టులో అతనికి టాకిల్ కావాలా, బంతి అందుకునేవాడు కావాలా అని ఊరంతా తర్జనభర్జన పడింది. యాజమాన్యం అతని కాలేజీ స్నేహితుడు జమార్ చేజ్‌ను తీసుకుంది. ఇద్దరూ కలిసి అద్భుతాలు చేశారు. ఆ సీజన్‌లో 51 సార్లు కూలాడు, ప్లేఆఫ్‌లో టెన్నెసీ మీద ఒక్క ఆటలోనే తొమ్మిదిసార్లు కూలి కూడా నెగ్గాడు! 2022 ఫిబ్రవరి 13న సూపర్ బౌల్‌లో ఏడుసార్లు. 20-23తో వెనకబడి ఉండగా చివరి ప్రయత్నంలో చేజ్ అవతల ఖాళీగా దూసుకుపోతున్నాడు. అతని వైపు చూసే తీరిక బరోకు దొరకలేదు. ఆరన్ డొనాల్డ్ అప్పటికే నడుము పట్టుకున్నాడు. ప్రతిభ ఉన్నవాడు కాపలా లేకుండా కూడా చాలా దూరం పోగలడని ఈ కథ చెబుతుంది. ఎక్కడ ఆగిపోతాడో కూడా చెబుతుంది.

ఈమధ్య షికాగో జట్టు 2024 డ్రాఫ్టులో మొదటివాడైన కేలెబ్ విలియమ్స్‌ను తెచ్చి, తొలి ఏడే 68 సార్లు నేల కరిపించింది. హ్యూస్టన్ కథ మళ్ళీ మొదలైందని పాతవాళ్ళు గుండెలు బాదుకున్నారు. కాని ఈసారి యాజమాన్యం ఆలస్యం చేయలేదు. 2025 మొదట్లోనే లోపలి వరసకు ముగ్గురిని, జో థూనీ, డ్రూ డాల్మన్, జోనా జాక్సన్‌లను తెచ్చారు. కోచ్‌ను కూడా మార్చారు. ఆ సీజన్‌లో శాక్‌లు సగానికన్నా బాగా తగ్గాయి. కుర్రాడు అదే కుర్రాడు.

డేవిడ్ కార్‌కు డెరెక్ అని ఒక తమ్ముడున్నాడు, పన్నెండేళ్ళు చిన్నవాడు. అన్న హ్యూస్టన్‌లో ఆడే రోజుల్లో ఆ కుటుంబం అక్కడే ఉండేది. డెరెక్ కొన్నాళ్ళు షుగర్‌లాండ్‌లో హైస్కూలు చదివాడు. షుగర్‌లాండ్ అంటే మన తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కరలేదు. అన్న పడడం, లేవడం కళ్ళారా చూస్తూ పెరిగిన ఆ పిల్లవాడు తానూ క్వార్టర్‌బ్యాకే అయ్యాడు. 2014లో ఓక్లండ్ రైడర్స్‌లో చేరాడు. 2016లో అతనికి మంచి లైన్ కుదిరింది, జట్టు ఆట వెంట ఆట నెగ్గింది. పద్నాలుగేళ్ళ తరువాత మొదటిసారి ప్లేఆఫ్‌కు అర్హత సంపాదించింది. డిసెంబరు 24న ఇండియానాపొలిస్ మీద ఆడుతుండగా, ఆ ఏడంతా తన వైపు నుంచి ఒక్కరినీ రానివ్వని ఎడమ టాకిల్ డోనల్డ్ పెన్ కాలు జారింది. ఆ ఒక్క శాక్‌తో డెరెక్ కాలి ఎముక విరిగింది.

రెండు వారాల తరువాత, 2017 జనవరి 7న, రైడర్స్ అతను లేకుండానే ప్లేఆఫ్ ఆడి 27-14తో ఓడిపోయారు. ఆడింది టెక్సన్స్ మీద, హ్యూస్టన్‌లో, డేవిడ్ అయిదేళ్ళు ఆడిన ఆ స్టేడియంలోనే.